పెళ్ళికొడుకు ముఖం

ఈసారి సంక్రాంతి సంబరాలకు నాటకం వేద్దామా, సినిమా తీద్దామా అన్న చర్చ మన సంఘంలో రెండు నెలలుగా నలుగుతున్న సంగతి సభ్యులకు తెలిసిందే. నాటకమంటే రిహార్సళ్ళు కావాలి. వారమంతా ఆసుపత్రి డ్యూటీలు, ఆఫీసు పనులు. శుక్రవారం సాయంత్రం రూట్ 46 దాటుకుని వచ్చేసరికి సగంమంది డీలా పడిపోయి ఉంటారు. పద్యం పాడగలిగినవాళ్ళు మనలో ఇద్దరే, వారిద్దరికీ ఒకరి శ్రుతి ఒకరికి నచ్చదు. సినిమా అయితే ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు. మన పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లే కెమెరాలు. కనుక కాళ్ళకూరి నారాయణరావు గారి "వరవిక్రయం" నాటకాన్ని నలభై నిమిషాల సినిమాగా తీద్దామని నిర్ణయమైంది. ఇక్కడ పుట్టి పెరిగి, కాలేజీలో సినిమా పాఠాలు చదువుతున్న మన అమ్మాయి ఒకతె దర్శకత్వం చేస్తానంది. ఒక మిత్రుని ఇంటి బేస్‌మెంటులో ఒక ఆదివారం పన్నెండుమందిమి కూర్చుని నాటకం చదివాం. చదువు సాఫీగానే సాగింది. ఆ తర్వాతే తగవు వచ్చింది. కాళింది చావును తెరమీద చూపించాలా, అక్కర్లేదా? ఈ నాలుగు మాటలూ ఆ తగవు గురించే.

నాటకం చూసి చాలాకాలమైనవారి కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాం. పురుషోత్తమరావు గారికి ఇద్దరు కూతుళ్ళు, కాళింది, కమల. పెళ్ళిళ్ళ పేరయ్య నడిపిన బేరంలో పిసినారి సింగరాజు లింగరాజు పెంపుడు కొడుకు బసవరాజుకు కాళిందినివ్వడానికి నిశ్చయమవుతుంది. కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకోవలసి రావడం చూసి భరించలేక ఆ పిల్ల ప్రాణం తీసుకుంటుంది. పిల్ల పోయినా పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇవ్వడు లింగరాజు. చెల్లెలు కమల అదే పెళ్ళికొడుకును చేసుకుని, కాపురానికి మాత్రం వెళ్ళనంటుంది. డబ్బిచ్చి కొన్న సరుకు కొన్నవారి ఇంటికే రావాలి గాని, కొన్నవారు సరుకు ఇంటికి వెళ్ళడమేమిటని ఆమె వాదం. 1920ల తొలి సంవత్సరాల నాటకం ఇది. ఊరూరా ఆడింది. కట్నం పుచ్చుకున్నవాళ్ళూ, పుచ్చుకోబోయేవాళ్ళూ ముందు వరసల్లో కూర్చుని చూశారు.

దీన్ని సినిమాగా తీయడంలో మనం మొదటివాళ్ళం కాము. 1939లోనే చిత్తజల్లు పుల్లయ్య గారు కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీకి "వరవిక్రయం" తీశారు. నాటకకర్త అప్పటికి లేరు. 1927లోనే కన్నుమూశారు, తెలుగు టాకీ పుట్టకముందే. ఆయన కాళిందిని తెరమీద ఎలా చూడగోరేవారో అడిగే వీలు పుల్లయ్య గారికీ లేకపోయింది, మనకూ లేదు. కాళింది వేషం వేసింది భానుమతి. ఆమెకు అదే మొదటి చిత్రం, వయసు పద్నాలుగేళ్ళు నిండీ నిండనిది. కమలగా పుష్పవల్లి నటించింది.

ఆ వయసు దగ్గర మేము కొంచెం ఆగుతాం. నాటకం ఆడే రోజుల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవారే వేసేవారు. ఇదే నాటకకర్త రాసిన "చింతామణి"లో చింతామణిగా స్థానం నరసింహారావు గారి పేరు ఎంత మారుమోగిందో మన తాతల తరం చెప్పగా విన్నాం. చీర కట్టిన మగవాడు కాళింది దుఃఖాన్ని అభినయిస్తే ప్రేక్షకుడు కంటతడి పెట్టేవాడు, సందేహం లేదు. కాని ఆ కంటతడి వెనక ఒక లెక్క ఉండేది. అది వేషమని వాడికి తెలుసు. విషాద పద్యానికి కూడా "వన్స్ మోర్" కొట్టే జాతి మనది. చావబోయే పాత్ర వెనక్కి వచ్చి, హార్మనీ శ్రుతి మళ్ళీ అందుకుని, అదే పద్యం పాడి, అప్పుడు చచ్చిపోయేది. నవ్వుకోవడానికి బాగుంటుంది గాని అందులో ఒక సుగుణం కూడా ఉంది. పిల్ల చావులో ప్రేక్షకుడు పూర్తిగా మునిగిపోడు. మునగడు కనుక ఆ తర్వాత కమల వేసే ప్రశ్న వాడికి స్పష్టంగా వినిపిస్తుంది.

తెర సంగతి వేరు. అక్కడ కాళింది నిజంగా పద్నాలుగేళ్ళ పిల్ల. ముఖం మూరెడు దూరంలో ఉంటుంది. వన్స్ మోర్ అంటే ఆగదు. చూసేవాడి గుండె కరిగిపోతుంది. కరిగిన గుండెకు ప్రశ్నలు వినిపిస్తాయా అన్నది మా అనుమానం.

(ఒక మాట పక్కన చెప్పుకోవాలి. కాళింది చనిపోయింది గాని, ఆ వేషం వేసిన పిల్ల ఎనభై ఏళ్ళు బతికింది. 1943లో తన ఇష్టప్రకారం పి. ఎస్. రామకృష్ణారావు గారిని పెళ్ళాడింది. దర్శకత్వం చేసింది, సొంత స్టూడియో నడిపింది. 1956లో ఆ భర్త దర్శకత్వంలోనే కాళ్ళకూరి వారి "చింతామణి" కూడా సినిమాగా వచ్చింది, ఆవిడే చింతామణి. ఏ కాళింది వేషానికీ ఇంతకంటె మంచి జవాబు లేదు.)

మన చర్చకు వస్తే, మేము వైద్యులం గనుక మా మాట మొదట వైద్యుడి మాటగానే వచ్చింది. ఆత్మహత్యను తెరమీద చూపించకూడదన్నాం. అది సున్నితత్వంతో అన్నమాట కాదు. వార్తల్లో ఒక చావును ప్రముఖంగా చూపిస్తే అప్పటికే బాధలో ఉన్నవారు కొందరు ఆ దారి పడతారని 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు చూపాడు, దానికి గేటే నవల మీదుగా వెర్తర్ ప్రభావం అని పేరు పెట్టాడు. నాటకాలూ సినిమాలూ తీసేవారికోసమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక చిన్న పుస్తకం వేసింది. చచ్చే పద్ధతి చూపవద్దు, చావును పరిష్కారంగా చూపవద్దు, సాయం దొరికే దారి చూపండి అని దాని సారాంశం. నెట్‌ఫ్లిక్స్ వారు 2017లో వదిలిన "థర్టీన్ రీజన్స్ వై" ధారావాహికలో అటువంటి దృశ్యాన్ని రెండేళ్ళ తర్వాత వాళ్ళే తీసేశారు. మన సంబరాలకు పద్నాలుగేళ్ళ పిల్లలు కూడా వస్తారు, ఆ వయసులో మనసులెలా ఉంటాయో మాకు కొంత తెలుసు అన్నాం.

మనలో పెద్దాయన, ఊళ్ళో తెలుగు ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టే కాలంలో వచ్చి స్థిరపడినవారు, ఊరుకోలేదు. "ఏమయ్యా డాక్టరూ, ఆ పిల్ల చావకపోతే నాటకమేముంది? చావు చూపించకుండా కథ చెబితే కట్నమంటే కాస్త ఖర్చు ఎక్కువైన పెళ్ళి అనుకుంటారు జనం. చూసి సిగ్గుపడాలి. మా చిన్నప్పుడు ఈ నాటకం చూసి మా మేనమామ రెండు రోజులు అన్నం తినలేదు."

"తర్వాత కట్నం పుచ్చుకున్నారా బాబాయిగారూ?" అని ఎవరో అడిగారు.

పెద్దాయన కాసేపు ఆలోచించి, "పుచ్చుకున్నాడు" అన్నారు. ఆయనే ముందు నవ్వారు.

నవ్వులాట అక్కడితో అయిపోయింది గాని ఆ మాట మమ్మల్ని వదల్లేదు. రెండు రోజుల అన్నం మానిపించినదేది? జాలా, సిగ్గా? జాలి ఎదుటివారిమీద కలుగుతుంది, సిగ్గు మనమీద మనకు. కాళ్ళకూరి వారు నాటకం రాసింది సిగ్గు కోసమేనని మా నమ్మకం. అందుకే పేరు "కాళింది" అని పెట్టలేదు, "వరవిక్రయం" అన్నారు. చచ్చినవాళ్ళ పేరు మీద కాక, జరిగిన అమ్మకం పేరు మీద నడిచే నాటకం. జాలి సులువైన సరుకు. కాళిందికోసం ఏడ్చిన తండ్రి ఇంటికి వచ్చి కొడుకు కట్నం లెక్క చూసుకోవచ్చు, రెంటికీ పేచీ లేదు. ఏడ్చాడు గనుక తాను లింగరాజు కాడని ధైర్యం కూడా. తెరమీద చావును ఎంత బాగా చూపిస్తే ఈ ప్రమాదం అంత ఎక్కువ. కనుక చూపవద్దన్న మా వాదానికి వైద్యం ఒక్కటే కారణం కాదని అప్పుడు తోచింది.

చెడ్డ కాపురాన్ని రంగస్థలం నుంచి తెరకు తీసుకుపోవడంలో ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఇక్కడికి ముప్పై మైళ్ళ దూరంలో, మన్‌హాటన్ 41వ వీధిలో, ఎడ్వర్డ్ ఆల్బీ రాసిన "హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్?" 1962 అక్టోబరులో మొదట ఆడింది. భార్యాభర్తలిద్దరూ ఒక రాత్రంతా అతిథుల ముందు ఒకరినొకరు మాటలతో చీల్చుకుంటారు. మరుసటి ఏడు పులిట్జర్ బహుమతికి న్యాయనిర్ణేతలు దాన్ని సిఫారసు చేస్తే పైవారు కాదన్నారు. 1966లో మైక్ నికల్స్ సినిమాగా తీశాడు. నాటకంలో ప్రేక్షకుడు ఆ ఒక్క గదిలోనే, వాళ్ళతోపాటే బందీ. సినిమాలో కెమెరా పెరట్లోకీ, కారులోకీ, దారిపక్క హోటలుకూ తిప్పుతుంది, ఊపిరాడుతుంది. అయితే ముప్పైల్లో ఉన్న ఎలిజబెత్ టేలర్ ఏభై దాటిన మార్తా ముఖం పెట్టుకుని తెరనిండా నిలబడినప్పుడు, రంగస్థలం చివరి వరసకు ఎన్నడూ అందని అలసట కనిపిస్తుంది. పోయిందీ ఉంది, వచ్చిందీ ఉంది. కాని ఆ దంపతులు మాటలవాళ్ళు. అక్కడ అపకారం చేసేవాడు నోరు తెరిచే చేస్తాడు. మన నాటకంలో చిక్కు మరొకటుంది. దాన్ని పట్టుకున్నది మేము కాదు, దర్శకురాలు.

ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, వింటుంది. అంతా అయ్యాక అడిగింది: "అంకుల్, బేరమప్పుడు పెళ్ళికొడుకు ఎక్కడున్నాడు?"

ఎవరికీ జవాబు తోచలేదు. పుస్తకం తిరగేశాం. లింగరాజుకు మాటలు, పేరయ్యకు మాటలు, ఆడపిల్ల తల్లిదండ్రులకు మాటలు, పద్యాలు. వీళ్ళందరి పక్కన బసవరాజు వాటా బహు స్వల్పం. అమ్ముడుపోయిన వరుడు ఎవడో వాడే అందరికంటె తక్కువ కనిపించేవాడు. ఇందులో నాటకకర్త లోపం లేదు. రంగస్థలం మాటమీద బతుకుతుంది. అక్కడ మాట్లాడనివాడు లేనివాడితో సమానం. అటువంటివాణ్ణి మూలన కూర్చోబెడితే ప్రేక్షకుడి చూపు లింగరాజు మీదికే పోతుంది. పిసినారి, గయ్యాళి, నవ్వు పుట్టించేవాడు గదా. నిందంతా వాడిమీదికి పోతుంది. పెళ్ళికొడుకు శుభ్రంగా బయటపడతాడు.

మౌనాన్ని పట్టుకోగలిగినది కెమెరా ఒక్కటే. "అయితే కాళింది ముఖం వద్దు. బేరం జరిగినంతసేపూ నేను అతన్నే తీస్తాను. డబ్బు మాటలు బయటినుంచి వినిపిస్తాయి" అంది అమ్మాయి.

పెద్దాయన దీనికీ అడ్డు చెప్పారు, ఈసారి అడ్డు బలమైనదే. తెరమీద ఎవరి ముఖం దగ్గరగా చూపిస్తే వాడిమీద మనకు ప్రేమ పుడుతుంది, అది సినిమా గుణం అన్నారు. రేపు ఆ పెళ్ళికొడుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగితే పిల్ల చావు వాడి పశ్చాత్తాపానికి అలంకారమైపోతుంది, మనం వాణ్ణి ఓదార్చి ఇంటికి పోతాం అన్నారు. నిజం. దానికి ఆ అమ్మాయి జవాబు, కన్నీళ్ళు వద్దు, సంగీతం వద్దు, అతనికి ఏమీ జరగదు అని. ఏమీ జరగకపోవడమే చూపిస్తానంది. పెద్దాయన పూర్తిగా ఒప్పుకోలేదు. మేము ఒప్పుకున్నాం. ఎందుకు ఒప్పుకున్నామో చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం అబద్ధమవుతుంది.

మా పెళ్ళి మాటలు జరిగినప్పుడు మేము ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, ఇక్కడి స్టెప్ పరీక్షలు రాసి, రెసిడెన్సీ మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్నాం. పెద్దలు హాల్లో, మేము పక్కగదిలో. తలుపు వారగా వేసి ఉంది. చేతిలో ప్రశ్నల పుస్తకం, మూత్రపిండాల అధ్యాయం. మధ్యవర్తి గొంతు స్పష్టంగా వినిపించింది. మార్చిలో మ్యాచ్ వచ్చాక మాట్లాడుకుంటే మాట వేరుగా ఉంటుందనీ, ఇప్పుడే ఖాయం చేసుకుంటే ఆడపిల్లవారికే లాభమనీ. అంకె చెప్పాడు. ఎవరో దగ్గారు. కొంతసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మామగారు "అలాగే బావగారూ" అన్నారు. మేము పేజీ తిప్పాం.

మేము అడగలేదు. ఇన్నేళ్ళూ ఎవరైనా కట్నం ఊసెత్తితే మా జవాబు అదే. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, వాళ్ళే ఇచ్చారు, పసుపు కుంకుమల కింద ఇచ్చుకున్నారు. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది, దేశమంతటికీ 1961లో వచ్చింది; ఇచ్చినవారినీ పుచ్చుకున్నవారినీ కూడా తప్పుపట్టే చట్టం. పక్కగదిలో పేజీ తిప్పినవాణ్ణి ఏ కోర్టూ పిలిచి అడిగినట్టు మేము వినలేదు. కాని మా వృత్తిలో ఈ సమర్థన ఒక్కరోజు చెల్లదు. వార్డులో నర్సు పొరపాటు మందు ఎక్కిస్తుండగా చూసి, "నేను రాయలేదు గదా" అని నడిచిపోయిన డాక్టరును ఎవరూ నిర్దోషి అనరు. తెలిసి, ఆపగలిగి, ఆపనివాడు చేసినవాడితో సమానమని రెసిడెన్సీ మొదటి ఏడాదే నేర్పుతారు. ఆ పాఠం మేము బాగానే నేర్చుకున్నాం, మంచి మార్కులు కూడా వచ్చాయి. అది హాల్లోంచి వినిపించిన అంకెకు వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

మా సంసారం చెడ్డ సంసారం కాదు. కాళింది కథలూ, ఆల్బీ దంపతుల కథలూ మా ఇంటికి సంబంధించినవి కావనే అనుకుంటూ వచ్చాం. పెళ్ళయిన నాలుగో ఏడు అనుకుంటాం, ఒకనాటి సాయంత్రం బూంటన్ వైపు రిజర్వాయరు పక్కనుంచి కారులో వస్తున్నాం. నీళ్ళు చూస్తూ మా శ్రీమతి, "మా ఊరి కాలవ గుర్తొస్తుంది. ఆ కాలవ కింద చేనే గదండీ మీకిచ్చింది" అంది. కోపంగా అనలేదు. "మనకిచ్చింది" అనలేదు, అంతే. ఆ చేను పోవడంతో వాళ్ళ నాన్నగారు కౌలుకు వెళ్ళారన్న సంగతి మాకు ఆనాడే తెలిసింది. ఆ డబ్బుతో మేము పరీక్ష ఫీజులు కట్టాం, ఇంటర్వ్యూలకు విమానాలెక్కాం. ఆమెకు ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి రావడానికి చాలాకాలం పట్టింది. అన్నాళ్ళూ చేతిఖర్చుకు మమ్మల్నే అడిగేది. తన తండ్రి పొలం డబ్బు తనే అడిగి తీసుకోవడం అది. ఆ మాటా ఆమె ఎన్నడూ అనలేదు, ఇప్పుడు లెక్క వేస్తుంటే మాకే తెలుస్తోంది.

క్లినిక్కులో స్త్రీ రోగులను ఇంట్లో మీకు భద్రంగా ఉందా అని అడగడం మాకు నియమం. మన దేశపు ఆడవారు చాలామంది భర్త వైపు చూసి ఉందంటారు. అందుకే భర్తను బయట కూర్చోమని చెప్పి మళ్ళీ అడుగుతాం. ఇదే న్యూజెర్సీలో 1985 నుంచి "మానవి" సంస్థ ఇటువంటి ఆడవారికి అండగా ఉంటూ వచ్చింది. ఆ పేరు ఒక కాగితం మీద రాసి ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. అడిగేటప్పుడు మేము ఎప్పుడూ డాక్టరు కుర్చీలోనే కూర్చుంటాం. బయట కూర్చోమన్న మనిషి కుర్చీలో కూర్చుని ఆ ప్రశ్న విన్నది లేదు.

ఇక కాళింది విషయం: చావు చూపడం లేదు. పెళ్ళి పందిరికి తెచ్చిన మామిడాకుల కట్ట విప్పకుండా ఉంటుంది, అంతే. కమల వాదం మొత్తం ఉంటుంది. ఆ వేషానికి పన్నెండో తరగతి అమ్మాయి దొరికింది, తెలుగు కొంచెం నలుగుతుంది గాని గొంతులో పస ఉంది. లింగరాజుగా పెద్దాయనే. సినిమా చివర ఈ దేశంలో ఆపదలో ఉన్నవారు పిలవవలసిన 988 నంబరు వేయాలన్న మా మాట చెల్లింది.

పెళ్ళికొడుకు వేషానికే ఎవరూ రాలేదు. పదిమంది మగవాళ్ళున్న గదిలో ఒకరికి నడుమునొప్పి, ఒకరికి ఆ వారం ప్రయాణం, ఒకరికి వయసు మించింది. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే మా శ్రీమతి అంట్లు తోముతూనే, "మీరు వెయ్యండి. మాటలు లేవుగా" అంది.

వచ్చే శనివారం ఆ దృశ్యం తీస్తారు. తలుపు వారగా వేసి ఉండాలనీ, అవతలి గదిలో మనుషులు కనిపించకూడదనీ దర్శకురాలు చెప్పింది. చేతిలో ఏదైనా పుస్తకం ఉంటే బాగుంటుందంది. అది మేమే తెచ్చుకుంటామన్నాం. పాతది, అట్ట ఊడినది, మా ఇంట్లోనే ఉంది.